హారం తెలియని లెక్క: నైజీరియా జనాభా

(డిగ్రీ విద్యార్థుల సభలో ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఆరో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పేటప్పుడు నేను ఒక మాట పదే పదే చెప్పేవాణ్ణి. పైన ఉండేది లవం, కింద ఉండేది హారం. పై అంకెను ఎంత శ్రద్ధగా రాసినా, కింది అంకె తప్పితే లెక్కంతా తప్పే. ముప్పయ్యేళ్లు ఆ మాటను నల్లబల్ల మీద రాశాను, చెరిపాను. అది ఎంత పెద్ద మాటో నాకు తెలిసింది రిటైరయ్యాకే, నైజీరియా గురించి చదవడం మొదలుపెట్టిన తర్వాత.

ఇన్ని దేశాలుండగా నైజీరియా ఎందుకని మీరు అడగొచ్చు. నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు లాగోస్‌లో మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు. కొన్నేళ్ల కిందట ఫోన్ చేసి, "మాస్టారూ, ఇక్కడ ఒక్కో జిల్లాకి ఎన్ని మందులు పంపాలో లెక్కెయ్యమంటున్నారు. అసలు ఎంతమంది ఉన్నారో ఎవర్నడిగినా ఒక్కో అంకె చెబుతున్నారు, ఏది పట్టుకోను?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. చదివి చెబుతానన్నాను. అప్పటినుంచి చదువుతూనే ఉన్నాను.

ముందు దేశాన్ని కళ్లముందు పెట్టుకుందాం. పశ్చిమ ఆఫ్రికాలో, గినియా సింధుశాఖ ఒడ్డున ఉంది. విస్తీర్ణం 9 లక్షల 23 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో మూడో వంతుకు కొంచెం తక్కువ. 36 రాష్ట్రాలు, రాజధాని అబుజా, 774 స్థానిక ప్రభుత్వాలు. ఉత్తరాన ఎక్కువగా హౌసా, ఫులానీ ప్రజలు, ముస్లింలు. దక్షిణాన యోరుబా, ఇగ్బో ప్రజలు, వారిలో క్రైస్తవులు ఎక్కువ. యోరుబాల్లో ముస్లింలూ చాలామందే ఉన్నారు. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం జనాభా 23 కోట్ల పైచిలుకు. ప్రపంచంలో ఆరో పెద్ద దేశం. సగం మంది వయసు 18 ఏళ్లలోపే.

ఆ 23 కోట్లను ఎవరూ లెక్కపెట్టలేదు. చివరిసారి ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టింది 2006 మార్చిలో. అప్పుడు వచ్చిన అంకె 14 కోట్ల 4 లక్షలు. ఆ తర్వాత ఏటా ఎంతమంది పుడుతున్నారు, ఎంతమంది చనిపోతున్నారు అని అంచనా వేసి, కలుపుకుంటూ, తీసేసుకుంటూ ఇక్కడిదాకా వచ్చారు. ఇలా అంచనా వేయడం తప్పేమీ కాదు, అన్ని దేశాలూ చేసేదే. కానీ మొదలుపెట్టిన అంకె మీద నమ్మకం లేకపోతే, దాని మీద కట్టినదంతా ఏమవుతుంది?

నేను 1991లో మన జనాభా లెక్కలకు ఎన్యూమరేటర్‌గా తిరిగాను. ఫిబ్రవరి ఎండలో, చంకలో ఫారాల కట్టతో. భర్త పేరు చెప్పమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కింటావిడ వైపు చూసే తల్లులు. "ఎంతమంది పిల్లలమ్మా?" అంటే మగపిల్లల్ని మాత్రమే చెప్పి ఊరుకునేవాళ్లు. "ఆడపిల్లలు లేరా?" అని మళ్లీ అడిగితే, "ఉన్నారు, ఇద్దరు" అనేవాళ్లు. గొర్రెల మందలతో వెళ్లిన కుటుంబాల కోసం గుడిసె ముందు కూర్చుని ఎదురుచూశాం. ఫిబ్రవరి 28 రాత్రి బస్టాండులో, గుడి మెట్ల మీద పడుకున్నవాళ్లను లేపి రాసుకున్నాం. ఆ రాత్రి ఒక ముసలాయన, "నన్నూ రాసుకుంటారా బాబూ?" అని అడిగాడు. ఆ గొంతు నాకింకా గుర్తుంది.

అదే ఏడాది నవంబరులో నైజీరియాలో కూడా జనగణన జరిగింది. నాలాంటి ఎన్యూమరేటర్లు అక్కడా ఇల్లిల్లూ తిరిగారు. వాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. ఉత్తరాన చాలా ఇళ్లలో ఆడవాళ్లు ఘోషాలో ఉంటారు. పరాయి మగవాడు లోపలికి వెళ్లకూడదు. గుమ్మంలో నిలబడి, ఇంటి పెద్ద చెప్పింది రాసుకోవాలి. ఫులానీ పశువుల కాపరులు మేత కోసం వందల కిలోమీటర్లు నడుస్తారు. వాళ్లను ఏ ఊరి లెక్కలో వేయాలి? లాగోస్‌లో మకోకో అని నీళ్ల మీద కర్రలు పాతి కట్టుకున్న బస్తీ ఉంది. అక్కడ పడవే వీధి. అక్కడి జనం లక్షలోపే అనే లెక్కా ఉంది, మూడు లక్షలనే లెక్కా ఉంది.

కానీ ఇవి చేతనయ్యే పనులు. ఆడ ఎన్యూమరేటర్లను పెడితే ఘోషా సమస్య తీరుతుంది, పడవెక్కితే మకోకో లెక్క తేలుతుంది. అసలు చిక్కు డబ్బు దగ్గరా, సీట్ల దగ్గరా ఉంది.

నైజీరియా ఆదాయంలో పెద్ద భాగం చమురు నుంచి వస్తుంది. అది కేంద్ర ఖజానాకు చేరి, అక్కడినుంచి రాష్ట్రాలకు పంపకం అవుతుంది. రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు 40 శాతం అందరికీ సమానంగా వెళ్తుంది. 30 శాతం జనాభాను బట్టి వెళ్తుంది. ప్రతినిధుల సభలో 360 సీట్లు కూడా జనాభా ప్రకారమే. అంటే లెక్కలో ఎక్కువమంది కనిపిస్తే ఎక్కువ డబ్బు, ఎక్కువ సీట్లు. తక్కువమంది కనిపిస్తే రెండూ పోతాయి. అలాంటప్పుడు ఏ నాయకుడైనా "మా దగ్గర ఇంతేమంది ఉన్నారు" అని నిజం చెప్పడానికి ఎందుకు ముందుకొస్తాడు?

ఈ కథ స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏడాదే మొదలైంది. బ్రిటిష్ పాలనలో, 1952-53లో లెక్కపెడితే 3 కోట్ల పైచిలుకు జనం తేలారు, అందులో సగానికి పైగా ఉత్తరాదిలో. 1960లో స్వాతంత్ర్యం వచ్చింది. 1962 జనగణనలో దక్షిణాది జనాభా ఒక్కసారిగా ఎగిసింది, ఉత్తరాది వాటా సగం కిందకు పడిపోయింది. ఉత్తరాది నాయకులు ఒప్పుకోలేదు. ఆ లెక్క రద్దయింది. 1963లో మళ్లీ లెక్కపెట్టారు. ఈసారి దేశం మొత్తం 5 కోట్ల 56 లక్షలు, ఉత్తరాది మళ్లీ సగం పైన. పదేళ్లలో 80 శాతానికి మించి పెరుగుదల! మీరే లెక్కవేయండి, ఏటా 5 శాతానికి పైగా వస్తుంది. కాన్పుల వల్ల మాత్రమే ఏ దేశ జనాభా అంత వేగంగా పెరగదు. పుట్టినవాళ్ల కంటే కాగితం మీద పుట్టించినవాళ్లు ఎక్కువన్నమాట. అయినా ఆ లెక్కనే అధికారికంగా నిలబెట్టారు.

ఆ తర్వాత అంతర్యుద్ధం. ఇగ్బోలు ఎక్కువగా ఉన్న తూర్పు ప్రాంతం విడిపోయి ప్రకటించుకున్న దేశం బియాఫ్రా, ఆ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1967 నుంచి 1970 వరకు ఆకలితో ఎంతమంది పిల్లలు పోయారన్నది కూడా అంచనాల్లోనే మిగిలిపోయింది. 1973లో మళ్లీ జనగణన చేస్తే దాదాపు 8 కోట్లు వచ్చింది, ఉత్తరాది వాటా 64 శాతం. పెద్ద రభస జరిగింది. 1975లో ప్రభుత్వం మారింది, వచ్చిన సైనిక పాలకుడు ముర్తలా మొహమ్మద్ ఆ లెక్కను రద్దు చేశాడు. దాంతో పదహారేళ్లపాటు నైజీరియా 1963 అంకెల మీదే బతికింది.

మళ్లీ 1991 దగ్గరకు వద్దాం. అప్పటికి ప్రపంచ బ్యాంకు, ఇతర సంస్థలు నైజీరియా జనాభా 11 కోట్ల పైమాటేనని రాస్తున్నాయి. తీరా లెక్కపెడితే 8 కోట్ల 89 లక్షలు. రెండు కోట్లకు పైగా మనుషులు లేరు! చనిపోయి కాదు, వలస వెళ్లి కాదు, అసలు ఎప్పుడూ లేరు. దీనివల్ల ఏమైందో చూడండి. దేశం ఆదాయం ఒక్క నైరా (అక్కడి రూపాయి) కూడా పెరగకుండానే తలసరి ఆదాయం దాదాపు పావు వంతు పెరిగిపోయింది. వెయ్యిమందికి ఎంతమంది డాక్టర్లు, నూరుమంది పిల్లలకు ఎన్ని బడి సీట్లు, అన్నీ ఒక్కరోజులో మెరుగయ్యాయి. ఊళ్లో మాత్రం ఏమీ మారలేదు, అదే బావి, అదే బడి. హారం మారితే జరిగేది ఇదే.

2006లో ఆ దేశపు జనాభా కమిషన్ నిజంగానే కష్టపడింది. ఉపగ్రహ చిత్రాలు వాడారు, యంత్రం చదివే ఫారాలు వాడారు. జనాన్ని ఇళ్లలోనే ఉండమని ఆంక్షలు పెట్టారు. గొడవలు వద్దని మతం, తెగ గురించి ప్రశ్నలే తీసేశారు. ఇంత చేసినా, ఫలితం వచ్చాక మళ్లీ మొదటికొచ్చింది. ఉత్తరాది కానో రాష్ట్రం 94 లక్షలు, లాగోస్ 91 లక్షలు అన్నారు. లాగోస్ అంటే ఆఫ్రికాలోనే మహానగరాల్లో ఒకటి. ఆ రాష్ట్ర ప్రభుత్వం తన సొంత లెక్క ఒకటి చేయించుకుంది, దాని ప్రకారం జనం 1 కోటి 75 లక్షలు. రెండు లెక్కల మధ్య తేడా 84 లక్షలు. ఏది నిజమో నేను ఇక్కడ నిలబడి చెప్పలేను. రెండింటికీ కారణాలు ఉన్నాయి, రెండింటికీ అవసరాలు ఉన్నాయి. అప్పుడు లాగోస్ గవర్నరుగా ఉండి ఆ జాతీయ లెక్కను ఒప్పుకోని బోలా టినుబు, 2023 మే నుంచి దేశాధ్యక్షుడు. అప్పుడు ఏ లెక్కను కాదన్నారో, దానికి బదులు కొత్త లెక్క తెచ్చే బాధ్యత ఇప్పుడు ఆయన చేతికే వచ్చింది.

ఇంకొకటి చెప్పాలి. 2013లో జనాభా కమిషన్ అధ్యక్షుడు ఫెస్టస్ ఒడిమెగ్వు, 1816 నుంచి ఈ దేశంలో నమ్మదగ్గ జనగణన జరగలేదని బహిరంగంగా అన్నారు. కానో నాయకత్వం మండిపడింది. కొద్ది నెలల్లోనే ఆయన పదవి వదిలి వెళ్లారు. నిజం చెప్పే అలవాటున్న లెక్కల అధికారికి ఎక్కడైనా ఉద్యోగం కష్టమే. ఆయన మాట పూర్తిగా సరైందా కాదా అన్నది పక్కన పెడితే, ఆ కుర్చీలో కూర్చుని ఆ మాట అన్నందుకు నాకు ఆయనంటే గౌరవం.

ఇందాక ఒక బాబు చీటీ పంపాడు. "మరి పేదరికం శాతాలు, శిశు మరణాలు ఎలా చెబుతున్నారు సార్?" అని. మంచి ప్రశ్న. అవి శాంపిల్ సర్వేల నుంచి వస్తాయి. అన్నం ఉడికిందో లేదో నాలుగు మెతుకులు పట్టుకుని చూసినట్టు. 2018లో జరిగిన ఆరోగ్య సర్వేలో దేశమంతటా సుమారు 40 వేల ఇళ్లకు వెళ్లారు. ఆ నలభై వేల ఇళ్లను ఎంచుకున్నది 2006 జనగణన జాబితాల నుంచే. ఆ జాబితా పన్నెండేళ్ల నాటిది. కొత్తగా లేచిన బస్తీ అందులో ఉండదు, ఖాళీ అయిపోయిన ఊరు ఉంటుంది. బోకో హరామ్ అనే ఉగ్రవాద ముఠా దాడుల వల్ల ఈశాన్యాన బోర్నో రాష్ట్రంలో కొన్ని ప్రాంతాలకు వెళ్లనేలేకపోయారు.

అయినా ఈ సర్వేలు చాలా విలువైనవి, వాటిని తక్కువ చేసి మాట్లాడకండి. 2018లో వెయ్యిమంది పిల్లలు పుడితే 132 మంది అయిదో పుట్టినరోజు చూడకుండానే పోతున్నారని ఆ సర్వే చెప్పింది. 2023-24 సర్వేలో అది 110కి తగ్గింది. తగ్గిందని సంతోషించాలి, కానీ ఇప్పటికీ తొమ్మిదిమందిలో ఒకరు. మన దేశంలో 2019-21 సర్వే ప్రకారం అది 42. సగటు ఆయుర్దాయం అక్కడ సుమారు 54 ఏళ్లు. నేను డెబ్బై దాటాక మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. అక్కడ పుట్టి ఉంటే ఈ వయసుదాకా వచ్చే అవకాశం ఎంతుండేదో అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను.

దేశమంతటికీ ఒకే సగటు చెప్పుకోవడం కూడా మోసమే. 2018లో కట్సినా రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 7.3 కాన్పులు. లాగోస్‌లో 3.4. అసలు బడికి వెళ్లని తల్లికి 6.7, ఇంటర్ దాటి చదివిన తల్లికి 3.4. ఏడుగురిని కనే తల్లికి పిల్లలంటే పిచ్చి ప్రేమ అనుకోకండి. ఎంతమంది బతుకుతారో తెలియనప్పుడు ఎక్కువమందిని కంటారు. మన అమ్మమ్మల కాలం గుర్తు తెచ్చుకోండి. మా అమ్మమ్మకు పదకొండు కాన్పులు, మిగిలింది అయిదుగురు. 2019-21 సర్వేలో ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఆడపిల్ల బడికెళ్లడం, పుట్టిన బిడ్డ బతకడం, ఈ రెండూ జరిగితే మిగతాది దానంతట అదే జరుగుతుంది.

పేదరికం కూడా అలాగే. 2018-19 లెక్కలో దేశంలో 40 శాతం మంది పేదలన్నారు. లాగోస్‌లో 4.5 శాతం, ఉత్తరాన సొకోటోలో 87.7 శాతం. ఒకే జెండా కింద రెండు వేరువేరు లోకాలు. 40 శాతం అన్నది సర్వే చెప్పిన మాట. దాన్ని అంచనా జనాభాతో గుణిస్తే 8 కోట్ల 29 లక్షల మంది పేదలని వచ్చింది. ఇక్కడ చూడండి, శాతం శాంపిల్‌ది, దాన్ని గుణించిన అంకె ఎవరూ లెక్కపెట్టనిది. ఆ కోట్లలోనే బియ్యం బస్తాలు, మందు సీసాలు, బడి బెంచీలు లెక్కవేయాలి. నా విద్యార్థి అడిగింది అదే.

నిర్వచనం మార్చినా అంకె మారుతుంది, ఆ సంగతి కూడా ఒక్క నిమిషం చెబుతాను. 2020 చివర నైజీరియాలో నిరుద్యోగం 33.3 శాతం. 2023 మొదట్లో 4.1 శాతం. ఆ రెండేళ్లలో కోట్ల ఉద్యోగాలేమీ రాలేదు. అంతకుముందు వారానికి 20 గంటల కంటే తక్కువ పని దొరికితే నిరుద్యోగి కిందే లెక్క. అంతర్జాతీయ పద్ధతికి మారాక వారంలో ఒక గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. 2014 ఏప్రిల్‌లో స్థూల ఉత్పత్తికి ఆధార సంవత్సరం 1990 నుంచి 2010కి మార్చారు. సెల్‌ఫోన్లు, సినిమాలు పాత లెక్కలో సరిగా లేవు, వాటిని చేర్చారు. దేశం ఆదాయం 89 శాతం పెరిగి దక్షిణాఫ్రికాను దాటేసింది. రెండు మార్పులకూ శాస్త్రీయ కారణాలున్నాయి. పేపర్లో అంకె చూడగానే, దాన్ని ఎలా లెక్కకట్టారో కూడా చూడమని మాత్రమే నా మనవి.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన విషయం, పోలియో. 2014 జులై తర్వాత రెండేళ్లపాటు నైజీరియాలో సహజ పోలియో (చుక్కల మందులోని వైరస్ వల్ల కాకుండా, అసలు వైరస్ వల్ల వచ్చేది) కేసు ఒక్కటీ కనిపించలేదు. 2015 సెప్టెంబరులో ఆ దేశాన్ని పోలియో దేశాల జాబితా నుంచి తీసేశారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 2016 ఆగస్టులో బోర్నోలో పిల్లలకు మళ్లీ పోలియో వచ్చినట్టు తేలింది. వైరస్ ఎక్కడికీ పోలేదు. బోకో హరామ్ చేతిలో ఉన్న ఊళ్లలో, ఎవరూ వెళ్లి చూడని పిల్లల్లో అది తిరుగుతూనే ఉంది. కేసులు సున్నా అని రాసినచోట, నిజానికి చూసినవాళ్లే లేరు.

ఆ తర్వాత వాళ్లు చేసిన పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఉపగ్రహ చిత్రాల్లో గుడిసెలు ఎక్కడున్నాయో, ఏ ఊరు కాలిపోయింది, ఏ ఊళ్లో మనుషులున్నారు అన్నది ఒక్కొక్కటీ గుర్తించారు. అంతకుముందే ఉత్తరాదిలో ఇలా పటాలు గీస్తే, ఏ రికార్డులోనూ లేని వేల పల్లెలు బయటపడ్డాయి. సైనికుల తోడుతో, స్థానిక యువకుల తోడుతో చుక్కల మందు మోసుకెళ్లారు. 2020 ఆగస్టు 25న ఆఫ్రికా ఖండమంతటా సహజ పోలియో పోయిందని ప్రకటించారు.

2014లో ఎబోలా లాగోస్‌కు వచ్చినప్పుడు కూడా అంతే. కోటికి పైగా జనం ఉన్న ఊళ్లో ఆ రోగం పాకితే ఏమయ్యేదో ఊహించండి. మొదటి రోగిని ఆసుపత్రి దాటనివ్వకుండా ఆపి, ఆ రోగానికే బలైన డాక్టర్ అమేయో అడదెవోను ఈ సభలో తలుచుకోవాలి. పోలియో కోసం తయారైన బృందాలు రంగంలోకి దిగి, రోగులను తాకిన, వాళ్ల దగ్గర మెలిగిన 894 మందిని పేరు పేరునా వెతికి పట్టుకుని, సుమారు 18,500 సార్లు వాళ్ల ఇళ్లకు వెళ్లి జ్వరం చూశాయి. మొత్తం 20 కేసులు, 8 మరణాలతో ఆగిపోయింది. లెక్కపెట్టడం ఆ దేశానికి చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రాణం కోసం లెక్కపెట్టినప్పుడు ఒక్కరిని కూడా వదల్లేదు. పంపకం కోసం లెక్కపెట్టినప్పుడే చెయ్యి వణుకుతోంది.

మనకు దీంతో ఏం సంబంధం అంటారేమో. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది, గుర్తుందా? ముంబై నుంచి, సూరత్ నుంచి రైళ్లు కిక్కిరిసి వచ్చాయి. లెక్కలో పేరు లేకపోతే రేషన్ పోతుందేమో, పింఛను పోతుందేమో అన్న టెన్షన్. నైజీరియాలో కూడా జనగణన అంటే జనం సొంతూళ్లకు బయల్దేరతారు, మా ఊరి సంఖ్య తగ్గకూడదని. లోక్‌సభలో రాష్ట్రాలకు సీట్ల వాటా ఇప్పటికీ 1971 జనాభా ప్రకారమే ఉంది. పిల్లల్ని తక్కువ కన్నందుకు దక్షిణాది సీట్లు తగ్గుతాయా అని మన దగ్గర జరుగుతున్న చర్చ మీకు తెలుసు. 2021లో జరగాల్సిన మన జనగణన ఆగిపోయింది. 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. మన జనగణన యంత్రాంగానికి నూటయాభై ఏళ్ల అనుభవం ఉంది, ఆ విషయంలో మనం అదృష్టవంతులం. కానీ సంఖ్యకు సీటును కట్టేసినప్పుడు మనుషులు ఎలా మారతారో తెలుసుకోవడానికి నైజీరియా కథ మనకు పనికొస్తుంది.

అక్కడి తాజా సంగతి చెప్పి ముగిస్తాను. 2023 మే 3 నుంచి 7 వరకు కొత్త జనగణన అని ప్రకటించారు. అంతకు ఏళ్ల ముందునుంచే ట్యాబ్లెట్లు పట్టుకుని, 774 స్థానిక ప్రభుత్వాల పరిధిలోనూ తిరిగి, దేశాన్ని చిన్న చిన్న గణన ప్రాంతాలుగా విడగొట్టి పటాలు తయారుచేశారు. ఎన్యూమరేటర్లను ఎంపిక చేశారు. సరిగ్గా ఏప్రిల్ చివర్లో వాయిదా వేసి, వచ్చే ప్రభుత్వానికి వదిలేశారు. ఆ గణన ఇంకా మొదలుకాలేదు. ఆ పటాలు మాత్రం పాతబడుతున్నాయి. వాటిలో ఖాళీగా ఉన్న చోట ఈపాటికి బస్తీ లేచి ఉంటుంది. గుడిసెలున్న చోటు ఖాళీ అయి, అక్కడివాళ్లు బోర్నో రాజధాని మైదుగురి నగరంలో ఏ శిబిరంలోనో ఉండొచ్చు. నా విద్యార్థి ఇంకా లాగోస్‌లోనే ఉన్నాడు. ఒక్కో జిల్లాకి మూడు అంచనాలు తీసుకుని, మధ్య అంకెకు మందులు పంపి, అయిపోయాయని ఫోన్ వచ్చిన చోటికి మళ్లీ పంపుతున్నాడట.

మూడో వరుసలో అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉంది. అడుగమ్మా.